కంపల్లో దాగిన కలివికోడి

ఒక్క పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చిందంటే నమ్ముతారా? ఆ పిట్టే కలివికోడి. 1848లో జెర్డన్ అనే శాస్త్రవేత్త దీని గురించి లోకానికి చెప్పారు. 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. అలాంటిది, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర దొరికి అందర్నీ ఆశ్చర్యపరిచింది. దాంతో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పచ్చటి అడవిని ఊహించుకుని వెళ్తే ఇక్కడ నిరాశే. ఎర్రమట్టి, రాళ్లు, ముళ్లపొదలు. సెలవులకొచ్చిన మనవణ్ని వెంటబెట్టుకెళ్లిన ఓ పెద్దాయనకు అదే ప్రశ్న ఎదురైంది.

'ఇదేం అడవి తాతా, అన్నీ కంపలే గదా!'

'ఆ కంపే దానికి ఇల్లురా. మా చిన్నప్పుడు కలివిపండ్లు తినేటోళ్లం, కట్టెలకని ఆ చెట్లే కొట్టుకుపోయేటోళ్లం. పిట్ట సంగతి ఎవరికి తెలుసు?'

పొదలు మరీ చిక్కబడినా, నరికి బయలు చేసినా కలివికోడి నిలవదు. పగలంతా నక్కి, రాత్రిపూట పురుగుల వేటకు బయల్దేరుతుంది. పొద్దుగూకాక కాసేపే కూస్తుంది. అందుకే వెళ్లినవాళ్లలో దాన్ని చూసినవాళ్లు అరుదు. అయినా ఫర్వాలేదు. ఎందుకూ పనికిరాదనుకునే ముళ్లకంప విలువ తెలిస్తే, ఆ ప్రయాణం వృథా పోనట్టే!