రాజ్యం వేరు, జాతి వేరు

కాలు జారితే తీసుకోవచ్చును గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దల మాట. కలం జారినప్పుడు మాత్రం, ఆ వ్రాత పదిమంది కంట పడకముందే చూచి దిద్దే గురువు దొరికితే, ఆ జారుపాటు కూడా ఒక పాఠమవుతుంది. అట్టి పాఠమొకటి మాకు లభించింది. దానిని తోటి విద్యార్థులతో పంచుకోవడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మా కళాశాలలో తెలుగు, ఉర్దూ విద్యార్థులం కలిసి ఒక గోడపత్రిక నడుపుతున్నాము. కుడి సగం ఉర్దూ, ఎడమ సగం తెలుగు. 2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయిల్ మీద దాడి చేసి సుమారు 1,200 మందిని చంపి, 250 మందిని బందీలుగా పట్టుకొనిపోయింది. అటు తరువాత గాజా మీద ఇజ్రాయిల్ సాగించిన యుద్ధంలో పదుల వేల మంది మరణించారు. వారిలో పసిపిల్లలే వేల సంఖ్యలో ఉన్నారు. శిథిలాల మధ్య నుండి బిడ్డలను చేతుల మీద ఎత్తుకొని వస్తున్న తండ్రుల చిత్రాలు చూచి మా మనస్సులు వికలమయ్యాయి. గోడపత్రికకు ప్రత్యేక సంచిక తీయాలని నిశ్చయించాము. సంపాదకీయం మేమే వ్రాశాము. అందులో మొదటి వాక్యం ఇది: “యూదులు ఆసుపత్రులను సైతం విడిచిపెట్టలేదు.”

వ్రాసిన కాగితాన్ని మా ఉర్దూ గురువుగారికి చూపించాము. వారు ఆసాంతం చదివి, ఎర్రసిరా కలంతో ఒక్క మాట చుట్టూ సున్న చుట్టారు. ఆ మాట ‘యూదులు’.

“బేటా, 2008 నవంబరులో ముంబైలో ఏమి జరిగిందో మీకు తెలుసు గదా? ఆనాడు వచ్చిన ముష్కరులు కామా ఆసుపత్రిలో కూడా కాల్పులు జరిపారు. ఇప్పుడు ఈ మాట తీసివేసి, ఆ చోట ‘ముసల్మానులు’ అని పెట్టి, అదే వాక్యాన్ని పైకి చదవండి” అన్నారు.

మేము చదవలేకపోయాము. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది అబద్ధమని, అన్యాయమని మాకు వెంటనే తోచింది. ఆ దాడి చేసినవారు పదిమంది. వారిని పంపిన ముఠా ఒకటి. వారికీ మాకూ ఏమి సంబంధం? ఆ మాటకు వస్తే, అప్పుడు చచ్చిన తొమ్మిదిమంది ముష్కరులను తమ ఖబరస్తానులో పూడ్చనివ్వబోమని ముంబై ముస్లిం పెద్దలే నిరాకరించారు. మమ్మల్ని వారితో జతకట్టవద్దని అంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మా విషయంలో ఇంత సులభంగా తోచిన న్యాయం పరుల విషయంలో తోచకపోవడమే మమ్మల్ని సిగ్గుపడజేసింది. ఎందుకంటే ఈ బాధ మాకు కొత్తది కాదు. భారత పాకిస్తానుల క్రికెట్ పందెం జరిగిన నాడు మాలో ఒకరిని అద్దె ఇంటి యజమాని నవ్వుతూనే అడిగాడు, “ఎవరు గెలవాలని ఉంది మీకు?” అని. ప్రక్క గదిలోని కుర్రవానిని అడగలేదు. సరిహద్దు దగ్గర తుపాకి పేలిన ప్రతిసారీ రైలు పెట్టెలో మా పేరు విన్నవారి చూపులో ఒక ప్రశ్న కదులుతుంది. పుట్టి బుద్ధెరిగి చూడని దేశపు ప్రభుత్వం చేసిన పనికి మేము సంజాయిషీ ఇచ్చుకోవాలట! ఈ ప్రశ్నలో ఉన్న ముల్లు ఏదో మాకు తెలుసు. తెలిసి ఉండీ అదే ముల్లును మరొకరికి గుచ్చబోయాము.

గురువుగారు అంతటితో ఆగలేదు. ‘యహూదీ’ అనే మాట మన ఇండ్లలో ఎట్లా వాడుతారో జ్ఞాపకం చేశారు. పైసా విదల్చని పిసినారిని ‘యహూదీ’ అని వెక్కిరించడం మేము చిన్ననాటి నుండి విన్నదే. ఒక్క యూదునినైనా చూడనివారు కూడా ఆ మాటను తిట్టుగా వాడుతారు. అయితే అదే ఉర్దూ భాషలో ఆగా హష్ర్ కాశ్మీరీ ‘యహూదీ కీ లడ్‌కీ’ అనే నాటకం వ్రాసి, రోమను పాలకుల చేతిలో నలిగిపోయిన యూదుల పక్షాన ప్రేక్షకుల చేత కన్నీరు పెట్టించాడు. ఆ కథనే 1958లో బిమల్ రాయ్ ‘యహూదీ’ చలనచిత్రంగా తీశాడు. దిలీప్ కుమార్, మీనా కుమారి నటించారు. ఒకే భాషలో ఒకే మాట తిట్టుగానూ ఉన్నది, సానుభూతిగానూ ఉన్నది. ఏది ఎన్నుకుంటామన్నది మన సంస్కారాన్ని బట్టి ఉంటుంది.

మాలో ఒక మిత్రుడు ఆ సంచిక కొరకు మరొక కాగితం తెచ్చాడు. ప్రపంచాన్నంతటినీ యూదుల రహస్య మండలి ఒకటి నడిపిస్తున్నదని, బ్యాంకులు, పత్రికలు, యుద్ధాలు అన్నీ వారి కుట్రేనని అందులో ఉన్నది. ఎవరో ఫోనులో పంపినదట. దాని మూలం ‘ప్రోటోకాల్స్’ అనే పుస్తకం. అది 1903లో రష్యాలో వెలువడిన కూటసృష్టి. 1864 నాటి ఒక ఫ్రెంచి రాజకీయ వ్యంగ్య గ్రంథం నుండి పుటలకు పుటలు దొంగిలించి దానిని అల్లారని లండను ‘టైమ్స్’ పత్రిక 1921లోనే బయటపెట్టింది. అయినా హిట్లరు అనుచరులు దానిని ప్రచారానికి వాడుకున్నారు. చివరకు అరవై లక్షల యూదుల హత్యాకాండకు తోడ్పడిన విషప్రచారంలో అదీ ఒక భాగం. గాజా పిల్లల మీద కరుణతో మొదలుపెట్టిన మా సంచికలోకి హిట్లరు వాడిన కాగితం రాబోయిందన్న ఆలోచనకే మాకు ఒళ్లు జలదరించింది.

మాలో తర్కం తెలిసిన మిత్రుడొకడు ఆక్షేపించాడు. “సార్, 2018 జూలైలో ఇజ్రాయిల్ పార్లమెంటు తమ దేశం యూదు ప్రజల జాతీయ రాజ్యమని చట్టమే చేసింది గదా. యూదులందరి పేరు మీద నడుస్తున్నామని ఆ రాజ్యమే చెప్పుకుంటుంటే, మేము అట్లాగే పిలిస్తే తప్పేమిటి?”

గురువుగారు ఆ ప్రశ్నను మెచ్చుకున్నారు. పిదప ఇట్లా అన్నారు: “పాకిస్తాను కూడా ఉపఖండపు ముసల్మానుల కొరకేనని చెప్పుకొని 1947లో పుట్టింది. ఆ మాట మీ తాతగారిని అడిగి అన్నారా? ఆయన ఈ మట్టిలోనే ఉండిపోయారు. మీ పేరు మీద ఎవరో వ్రాసుకున్న పత్రానికి మీరు వేలిముద్ర వేయాలా?”

ఆ మాటతో మాకు విషయం తేటపడింది. ప్రపంచంలోని యూదులలో సగానికి పైగా ఇజ్రాయిల్ వెలుపలనే నివసిస్తున్నారు. ఇజ్రాయిల్ పౌరులలో ఇంచుమించు అయిదవ వంతు మంది అరబ్బులు. అనగా ఆ రాజ్యపు హద్దూ ఆ జాతి హద్దూ ఒకటి కానే కావు. అంతే కాదు. యూదులను ద్వేషించేవాడు, ఇజ్రాయిల్ మీద ఏ విమర్శ వచ్చినా “ఇది యూదు ద్వేషం” అని నోరు మూయించేవాడు, ఇద్దరూ పరస్పర శత్రువులుగా కనిపించినా ఒకే పొరపాటు చేస్తున్నారు. రాజ్యాన్నీ జాతినీ ఇద్దరూ ఒకే మూటగా కడుతున్నారు. ఒకడు రాజ్యం చేసిన నేరాన్ని జాతి నెత్తిన వేస్తాడు. మరొకడు జాతి పడిన బాధను రాజ్యానికి డాలుగా పడతాడు.

విమర్శించరాదని మాత్రం మేము అనడం లేదు. విమర్శించకపోవడం కూడా అన్యాయమే. 1948 డిసెంబరులో ఐన్‌స్టీను, మరికొందరు యూదు మేధావులు కలిసి, దైర్ యాసీన్ అనే అరబ్బు గ్రామంలో జరిగిన మారణకాండను, దానికి కారకులైన రాజకీయ పక్షాన్ని ఖండిస్తూ అమెరికా పత్రికకు లేఖ వ్రాశారు. 1982 సెప్టెంబరులో బేరూతులోని సబ్రా, షతీలా శరణార్థి శిబిరాలలో లెబనాను సాయుధ దళం పాలస్తీనీయులను ఊచకోత కోసింది. అప్పుడు ఆ ప్రాంతాన్ని చుట్టుముట్టి ఉన్నది ఇజ్రాయిల్ సైన్యం. దానికి నిరసనగా టెల్ అవీవ్ నగరంలో జరిగిన ప్రదర్శనలో లక్షల మంది పాల్గొన్నట్లు పత్రికలు వ్రాశాయి. ఆ దేశమే నియమించిన కహాన్ సంఘం 1983 ఫిబ్రవరిలో రక్షణమంత్రి షెరాన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉన్నదని తేల్చగా ఆయన ఆ శాఖను వదులుకోవలసి వచ్చింది. వీరందరినీ యూదు ద్వేషులని ఎవరనగలరు?

న్యాయస్థానం మాట్లాడే తీరును గమనించినా ఈ భేదం బోధపడుతుంది. 2024 నవంబరు 21న అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం ఇజ్రాయిల్ ప్రధాని నెతన్యాహు మీద, మాజీ రక్షణమంత్రి గాలంట్ మీద, హమాస్ సైనిక నాయకుడు దెయిఫ్ మీద ఒకేరోజున అరెస్టు వారంట్లు జారీ చేసింది. ఆ వారంట్లలో మనుష్యుల పేర్లు ఉన్నాయి, ఆరోపించిన చర్యలు ఉన్నాయి. ఏ మతం పేరూ, ఏ జాతి పేరూ నిందితుల పట్టికలో లేదు. యూదు ద్వేషానికి నిర్వచనమేమిటన్న విషయమై పండితులలో వాదోపవాదాలు ఉన్నాయి. 2016లో ఒక అంతర్జాతీయ కూటమి ఒక నిర్వచనాన్ని ఆమోదించగా, అది విమర్శకుల నోరు నొక్కడానికి వీలిస్తున్నదని భావించిన విద్వాంసులు 2021లో జెరూసలేం ప్రకటన పేరిట మరొకటి వెలువరించారు. రెండింటికీ భేదాలెన్ని ఉన్నా ఒక అంశంలో మాత్రం ఏకాభిప్రాయమే: ఇజ్రాయిల్ చేసిన పనులకు యూదులందరినీ బాధ్యులను చేయడం ద్వేషమే అవుతుంది.

ఇక తక్కెడ సంగతి. పరుల తప్పు తూచిన తక్కెడలోనే మనవారి తప్పునూ తూచాలి. 1971లో తూర్పు బెంగాలులో పాకిస్తాన్ సైన్యం చంపినవారిలో అత్యధికులు బెంగాలీలు, వారిలో ముసల్మానులు అసంఖ్యాకులు. 2018 అక్టోబరులో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో పాత్రికేయుడు ఖషోగ్గీ హత్యకు గురయ్యాడు. ఈ విషయాలు ఎవరైనా ఎత్తినప్పుడు “ఇస్లాం మీద దాడి” అని మేము చెవులు మూసుకుంటే, ఇజ్రాయిల్ సంగతి మాట్లాడే అర్హత మాకు ఉండదు. ఆ రాజ్యాలను విమర్శించడం ఇస్లాంను దూషించడం కాదు. అట్లాగే ఆ విమర్శ చాటున మా మతాన్ని, మా పుట్టుకను దూషించడం విమర్శ కాదు.

ఈ భేదాన్ని మరచినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి రెండు నిదర్శనాలు చాలును. ముంబై దాడిలోనే ముష్కరులు వెతుక్కుంటూ పోయి నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రంలో ఒక మతగురువును, ఆయన భార్యను, మరి నలుగురిని చంపారు. బాటసారులకు అన్నం పెట్టే ఆ దంపతులు ఏ ప్రభుత్వాన్నీ నడపలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఒక శ్వేతజాతి దురహంకారి రెండు మసీదులలో నమాజుకు వచ్చిన 51 మందిని పొట్టనబెట్టుకున్నాడు. మృతులలో మన హైదరాబాదువారు కూడా ఉన్నారు. చనిపోయినవారిని “నీవు ఏమి చేశావు?” అని ఎవరూ అడగలేదు. “నీవు ఎవరవు?” అన్నదే చూశారు. ద్వేషం అడిగే ప్రశ్న ఎప్పుడూ అదే.

మన దేశంలో దీనికి భిన్నమైన దృశ్యాలు లేకపోలేదు. కలకత్తాలోని యూదుల ప్రార్థనాలయాలకు తరతరాలుగా కాపలా ఉంటున్నవారు ముసల్మానులు. అక్కడి యూదు బాలికల పాఠశాలలో నేడు చదువుకొనేవారిలో అత్యధికులు ముస్లిం బాలికలే. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర తాము యూదులమని చెప్పుకొంటూ, తెలుగే మాతృభాషగా గల కొన్ని కుటుంబాలు ఉన్నాయి. మా సంపాదకీయంలోని మొదటి వాక్యాన్ని ఆ ఇంటి పిల్లవాడెవడైనా మన కళాశాల గోడ మీద చదివి ఉంటే? ఈ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు.

వాక్యాన్ని మార్చి వ్రాశాము: “గాజాలోని ఆసుపత్రుల మీదికి సైన్యాన్ని పంపిన ఇజ్రాయిల్ ప్రభుత్వ చర్యను, అక్టోబరు 7న నిరాయుధులను చంపిన హమాస్ చర్యను మేము ఖండిస్తున్నాము.” మాలో ఒకరికి ఇది చప్పగా తోచింది. ఆవేశం తగ్గిపోయిందని నొచ్చుకున్నారు. గురువుగారు నవ్వి, “చిరునామా లేని ఉత్తరం ఎవరి వాకిట పడుతుందో తెలియదు. ఇప్పుడు దీనికి చిరునామా వచ్చింది” అన్నారు.

ఆ సంచిక గోడ మీద వారం రోజులు ఉన్నది. ఎర్రసున్న చుట్టిన మొదటి ప్రతిని మాత్రం మేము పారవేయలేదు. ప్రతి సంచికకు ముందు దానిని బయటకు తీసి, వ్రాసిన ప్రతి నిందావాక్యంలో మా పేరు పెట్టి ఒకసారి చదువుకుంటున్నాము. అప్పుడు నోరు ఆడితేనే దానిని గోడకు ఎక్కిస్తున్నాము.