నేను రాయడం నేర్చుకున్న సంగతి



ఈసారి గోడపత్రికకు ఏదైనా రాయమని తెలుగు మేష్టారు నాకు చెప్పారు. చెట్ల మీద కవిత రాద్దామనుకున్నాను. రెండు లైన్లు రాసి కొట్టీసినాను. అవి ఇదివరకే ఎవరో రాసినట్టు ఉన్నాయి. అందుకని నాకు బాగా తెలిసిన సంగతి, నేను రాయడం ఎలా నేర్చుకున్నానో అదే రాస్తున్నాను.

మాది సీతంపేట ఏజెన్సీలో కొండ మీద ఊరు. ఇరవై రెండు గడపలు. మేము సవరలం. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనే మొదలు. అమ్మా నాన్నా వేలిముద్ర వేస్తారు. మూడో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చినప్పుడు నాకు తెలుగు రాదు. సంతలో విన్న మాటలు కొన్ని వచ్చు, అంతే. నీళ్ళను మేము "డాఅ" అంటాము. కానీ ఇలా రాస్తే అది మా మాట కాదు. గొంతు టక్కున ఆగాలి. అలా ఆగడానికి తెలుగులో అక్షరం లేదు. మా భాష ముండా కుటుంబానికి చెందినది, తెలుగుకు చుట్టం కాదు అని ఈ మధ్యనే తెలిసింది. అప్పట్లో అది తెలియక, నాకే బుర్ర లేదనుకుని రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని.

పోనుపోను తెలుగు వచ్చింది. ఏడో తరగతిలో వ్యాసరచన పోటీకి "వర్షాకాలము" అని ఇచ్చారు. గైడులో ఉన్నది బట్టీ పట్టి రాసీసినాను. మేఘములు గర్జించును, మయూరములు నాట్యమాడును అని రాశాను. రెండో బహుమతి వచ్చింది. పెన్ను ఇచ్చారు. నిజం చెప్పాలంటే నెమలి ఆడడం నేను ఎప్పుడూ చూడలేదు. వాన పట్టిందంటే మా ఊళ్ళో అందరూ చూసేది గెడ్డ వైపు. గెడ్డ పొంగితే రోడ్డుకు పోయే దారి లేదు. అది కూడా వర్షాకాలమే కదా! కానీ రాయాలని నాకు తట్టనేలేదు. మనకు తెలియని మాటలు వరసగా పెడితే రాయడం అనుకునేదాన్ని.

మొన్న వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళాను. గెడ్డ మీద వంతెన కోసం అర్జీ పెట్టుకోవాలని పెద్దలు అనుకున్నారు. ఇదివరకైతే సంతలో ఎవరికో డబ్బులిచ్చి రాయించేవారు. ఈసారి "మన పిల్ల ఉంది కదా" అన్నారు. నాకు చాలా సంబరం వేసింది. "గౌరవనీయులైన అధికారి గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, "మేము అనేక ఇబ్బందులు ఎదుర్కొనుచున్నాము, కావున దయతో" అని పేజీ నిండా రాశాను. రాత్రి అందరూ మా అరుగు మీద కూర్చున్నారు. నేను చదివి, సవరలో అర్థం చెప్పాను. పేజీ అంతా కలిపి సవరలో రెండు మాటలకే అయిపోయింది.

అమ్మ అడిగింది: "ఇంత కాగితం రాసినావు, ఇంతేనా? ఇందులో మన గెడ్డ ఏది? మీ పిన్ని ఏది?"

నాకు నోట మాట రాలేదు. పిన్ని అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. కిందటేడు వానల్లో పిన్నికి నొప్పులు వచ్చాయి. దుప్పటి కర్రకు కట్టి డోలీలో మోసుకెళ్ళారు. గెడ్డ నడుము దాటి పారుతోంది. వాన తగ్గేదాకా ఒడ్డునే తెల్లవార్లూ ఉన్నారు. పిన్ని బతికింది. బిడ్డ దక్కలేదు.

"పిన్నీ, రాయనా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "నేను ఎవరికీ చెప్పలేకపోయాను. నువ్వు రాయి" అంది.

ఆ రాత్రి ఇంకో కాగితం తీశాను. ఇది రాయడం చాలా కష్టమైంది. నాన్నను అడిగాను, గెడ్డ దగ్గర నుంచి రోడ్డు ఎంత దూరమని. నాలుగు కిలోమీటర్లు అన్నాడు. మోసిన నలుగుర్నీ అడిగాను. ఎంత పొద్దుకు బయలుదేరారు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అన్నీ రాసుకున్నాను. దివ్య సముఖము తీసీసినాను. అక్షరం తప్పులు ఉండే ఉంటాయి. మళ్ళీ చదివి చెబితే ఎవరూ మాట్లాడలేదు. అవ్వ మాత్రం "ఆ, అలాగే జరిగింది" అంది. ఆ పెన్ను వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆఫీసులో ఒకాయన అర్జీ నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశారు. ఎవరు రాశారని అడిగారు. అమ్మ నన్ను చూపించింది. తరవాత ఒకరు టేపు తెచ్చి గెడ్డ కొలిచి వెళ్ళారట. వంతెన ఇంకా రాలేదు. కాబట్టి నేను గొప్పగా రాశానని చెప్పను. మళ్ళీ రాయాలి.

బడి తెరిచాక ఈ సంగతి తెలుగు మేష్టారుకు చెప్పి, చిత్తు కాగితం చూపించాను. ఎర్ర సిరాతో పద్నాలుగు తప్పులు దిద్దారు. ఒత్తులు, దీర్ఘాలు దిద్దారు గాని ఒక్క సంగతి కూడా కొట్టలేదు. అప్పుడే గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్పారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి ఆయన పటానికి దండ వేస్తాము కదా. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. అంతకంటే ముందే, పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్నప్పుడు, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మా భాష నేర్చుకున్నారు. మా కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మందు వల్ల చెవుడు వచ్చింది. అయినా మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మా గొంతులో ఆగే ఆ చప్పుడుకు కూడా గుర్తు పెట్టారట!

ఇది విని నాకు సిగ్గు వేసింది. అంత పెద్దాయన మా వాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నారు. నేను మా అవ్వ పక్కనే పడుకుంటాను గాని ఒక్క కథా రాసుకోలేదు. ఈ దసరా సెలవులకు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్తాను. ముందు విత్తనాల గురించి అడుగుతాను. పోడులో కొర్రలు, సామలు, కందులు కలిపి ఎందుకు వేస్తారో అవ్వకు తెలుసు. మా పుస్తకంలో లేదు.

చెల్లెళ్ళారా, మీరూ రాయండి. గైడు చూడకండి. రాశాక ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి. చదువు రానివాళ్ళకు ఏమి తెలుస్తుందని అనుకోవద్దు. నా మొదటి కాగితంలో ఏమీ లేదని కనిపెట్టింది చదువు రాని మా అమ్మే.

దీన్ని నాలుగుసార్లు పెన్సిలుతో రాశాను. నా దస్తూరీ బాగుండదని నా స్నేహితురాలు చార్టు మీదికి ఎక్కించింది. చుట్టూ పువ్వులు కూడా తనే వేసింది. తప్పులుంటే మన్నించి, ఎర్ర సిరాతో దిద్దండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని