తెర చెడిపోలేదు

విండోస్ కొత్తగా వేయించిన మర్నాడే లాప్‌టాప్‌లో అక్షరాలు లావై మసకబారాయి. వెలుగు తగ్గించినా తగ్గదు. అచ్చంపేటలో అడిగితే తెర మార్చాలన్నారు. ఆ డబ్బుతో మా పిల్లల చెంచు మాటల పుస్తకమే అచ్చవుతుంది!

మన్ననూరుకు తిరిగొచ్చి డివైస్ మేనేజర్ తెరిచాను. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్ పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అంటే అసలు డ్రైవర్ లేదు. విండోస్ తన దగ్గరున్న దానితో నెట్టుకొస్తోంది, లెక్కల టీచరు లేని రోజు నేను లెక్కలు చెప్పినట్టు. నెట్ ఉంటే చాలావరకు అదే తెచ్చుకునేది.

సిగ్నల్ అందేచోట కూర్చొని, లాప్‌టాప్ కంపెనీ సైటులో మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ దించాను. ఇన్‌స్టాల్ మధ్యలో తెర నల్లబడింది.

"సారూ, బంద్ జేయాల్నా?" పక్కనున్న పిల్ల స్విచ్ మీద వేలు పెట్టింది.

"ఆగు బిడ్డా."

తెర వెలిగింది. పుస్తకంలోని ఇప్పపువ్వు రేకులు విడివిడిగా కనిపించాయి.