అద్దపుతొట్టిలో అక్కఱలేని పువ్వులు

తులసికోట చుట్టును మొలచిన కలుపును పెఱికి పాఱవేయుట మనకందఱకును చేతనైన పనియే. కాని, పెఱికిన కొలదియు పెరిగెడి కలుపు నొకదానిని గూర్చి మన సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అది నేలమీది కలుపు కాదు, ఉప్పునీటి కలుపు. మొక్కయు కాదు, జంతువు. దాని పేరు ఐప్టేసియా. సముద్రపుష్పములని చెప్పదగిన ఎనిమోనుల జాతిలో నిది యొకటి.

మాది శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలములోని భావనపాడు. సముద్రము చెంతనే యున్న యూరిలో, ఇంటిలో మరల నొక సముద్రమెందులకని చూచినవారెల్ల నడుగుదురు. మా మామగారు చిరకాలము ఓడలలో పనిచేసినవారు. కాళ్ళు పడిపోయినది మొదలు వారు తీరమునకు పోలేరు. మంచము మీద పరుండిన వారికి అలల ఘోష వినబడును గాని నీరు కనబడదు. అందుచేత వారి మంచము ప్రక్కను ఒక అద్దపుతొట్టి నమర్చితిమి. పెంపకములో పుట్టిన చారల చేపలు రెండు, నాలుగు నత్తలు, కొంచెము నాచు, కుమ్మరి ఆవములో కాల్చిన పెంకులు: ఇదియే మా సముద్రము.

నీరు మాత్రము మన తీరపుదే. తెచ్చి, తేర్చి, వడగట్టి పోయుదుము. వానకాలము వెళ్ళునప్పటికి నదుల వెల్లువచేత మన తీరపు నీటిలో ఉప్పు తగ్గును. కావున ఆశ్వయుజ కార్తికములలో కొలిచి చూచి, చాలినంత ఉప్పు కలుపవలెను. నౌపడా ఉప్పుమళ్ళ ఉప్పు మన కూరలకు పనికివచ్చును గాని చేపలకు చాలదు. సముద్రములోని తక్కిన లవణములు కూడ చేర్చిన పొడి వేఱుగ అమ్ముదురు. పరదేశములలో కొందఱు ఇండ్లలోనే పగడములను పెంచి, చిన్న పగడపు దిబ్బలను కట్టుకొందురు. మన దేశములో రాతి పగడములు 2001 నుండియు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి షెడ్యూలులో నున్నవి. వానిని కొనరాదు, ఇంట ఉంచరాదు. ఐప్టేసియా ముఖ్యముగా అట్టి పగడపు తొట్లకే శత్రువు. అయినను మా పెంకుల తొట్టిని కూడ విడిచినది కాదు.

నగరమునుండి తెప్పించిన ఒక నత్త డొప్ప మీద అది వచ్చినది. గోధుమవన్నె కాడ, దాని తలపై సన్నని రేకులు. మా చిన్నది చూచి, ‘తాతా, నత్త పువ్వు పెట్టుకొన్నది!’ అని చప్పట్లు కొట్టినది. మూడు మాసములు గడచునప్పటికి పువ్వులు ముప్పదికి పైగా లెక్కకు వచ్చినవి. ఆ రేకులు రేకులు కావు, విషపు ముండ్లుగల చేతులు. ఒక నత్త వానిలో చిక్కి చచ్చినది. తక్కిన నత్తలు పెంకుల మీదికి ప్రాకుట మానినవి.

మా మరిది కత్తితో గీకివేయుదునని లేచినాడు. మామగారు వలదనిరి. ‘అది రక్తబీజుడురా అబ్బాయీ, తునక మిగిలెనా, ఇంకొకటి లేచును’ అనిరి. ఆ మాట పురాణమే కాదు, శాస్త్రము కూడ. ఐప్టేసియా పాదములోని చిన్న తునక పెంకునకు అంటి మిగిలినను, కొలది దినములలో నిండు జంతువగును. పైగా దానికి ఆహారము రెండు దారుల వచ్చును. చేపలు వదలిన మెతుకును చేతులతో పట్టి తినును. దాని దేహములోపల కంటికి కనబడని నాచుకణములు కాపురముండి, వెలుతురును త్రాగి, తాము వండిన దానిలో పాలు పెట్టును. ఇట్టిదానిని కేవలము పస్తు పెట్టి చంపుట సులభము కాదు.

రక్తబీజుని కథలో కాళి చేసిన పని యేమి? నేల రాలకముందే త్రాగివేసినది. ఐప్టేసియా విషయములో కూడ పెద్దలు కనుగొన్న ఉపాయ మదియే. కోయువానిని గాక తినువానిని పిలువవలెను. ఇది మనకు వింత కాదు. నాగజెముడు దక్షిణదేశమున పొలములను, దారులను కప్పివేసిన కాలమున, 1926లో సింహళమునుండి ఒక చిన్న పురుగును తెచ్చి విడిచిరి. అది నాగజెముడు రసమును పీల్చి, కత్తులు గొడ్డళ్ళు చేయలేని పని చేసినది.

అయితే తినువానిని పిలుచుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ కలుపు తీరిన తరువాత నిది యేమి తినును? దోమపిల్లలను తినునని 1928లో ఇటలీనుండి గాంబూసియా చేపను మన దేశమునకు తెచ్చిరి. అది దోమపిల్లలతో నిలువలేదు. ఇతర చేపల గ్రుడ్లను, పిల్లలను, కప్పపిల్లలను కూడ తినుటచేత నేడు లోకమున పలుచోట్ల దానిని పీడగా నెంచుచున్నారు.

ఈ ప్రశ్నతోనే మేము ఐప్టేసియాను తినువారిని ఒక్కొక్కరినే విచారించితిమి. మొదటిది బెర్ఘియా యను సముద్రపు జలగవంటి జంతువు. నిజమునకు అది డొప్పలేని నత్త జాతి. అంగుళమైన నుండదు, రాత్రులందు తిరుగును. ఐప్టేసియాను తప్ప మఱి దేనిని తినదు. తిన్న శత్రువు ముండ్లను అరిగించుకొనక తన వీపు మీది పోగులలో దాచి, తన రక్షణకే వాడుకొనును! ఇంతకంటె నమ్మకమైన సేవకుడు దొరకడు. కాని కలుపు తీరిననాడు అది ఆకలితో చచ్చును. దానిని తెచ్చువారు పని ముగియగానే ఇంకొక ఇంటికి పంపవలెను. మా యూరిలో అట్టి ఇల్లు రెండవది లేదు.

రెండవది పొడుగు మూతి సీతాకోక చేప. ఎనిమోనులను ఇష్టముగా పొడిచి తినును. కాని దానికి పెద్ద తొట్టి కావలెను. గొట్టపు పురుగులను కూడ విడువదు. పెట్టిన తిండి ముట్టక చిక్కిపోవుటయు దానికి కలదు.

మూడవది పిప్పరమెంటు రొయ్య. ఎఱ్ఱని చారలచేత దానికా పేరు వచ్చినది. చిన్న ఐప్టేసియాలను రాత్రివేళ తెంపి తినును, పెద్దవానిని తఱచు విడుచును. కొన్ని రొయ్యలు అసలు ముట్టవు. అయినను కలుపు తీరినపిమ్మట చేపలు వదలిన మెతుకులతో బ్రదుకగలవు. మా ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పిన దిదియే.

రొయ్యలు రెండింటిని తెప్పించితిమి. అవి రాకముందే చేపల తిండి తగ్గించి, మిగిలినదానిని నాటికి నాడే తీసివేయుట మొదలిడితిమి. పెద్ద ఎనిమోనులున్న పెంకులను పైకెత్తి, వారము దినములు వైశాఖపు టెండలో నుంచితిమి. ఉప్పుమళ్ళ యెండకు తాళు ప్రాణి యేది? చిన్నవానిని రొయ్యలకు విడిచితిమి. నలువది దినములలో ముప్పది పువ్వులు మూడైనవి. నత్తలు మరల పెంకుల మీదికి వచ్చినవి.

ఈ నడుమ ఇంటిలో చిన్న వివాదము జరిగినది. ఇంత శ్రమ యెందులకు, తొట్టిని తీసికొనిపోయి ఏటిలో బోర్లించి రమ్మని బంధువు లొకరు సలహా చెప్పిరి. మామగారి కంట నీరు తిరిగినది. అది తొట్టి పోవునని కాదు. ‘ఆ ఏటి మీద, ఆ కడలి మీద ఎన్ని కుటుంబములు బ్రదుకుచున్నవో ఎఱుగుదువా? ఎక్కడనుండి వచ్చినదో తెలియని జీవమును వారి నీటిలో పోయుటకు మనమెవరము?’ అనిరి. 1967లో విశాఖపట్టణము రేవున అమెరికా తీరపు నల్లచారల ఆల్చిప్ప జాతి యొకటి బయటపడినది. ఓడల వెంట వచ్చిన ఆ పరదేశి గుంపులు గుంపులుగా రేవు గోడలకు, ఓడ అడుగులకు అంటుకొనినది. ఓడలలో బ్రదికినవారికి అట్టి సంగతులు పుస్తకమున చదువ నక్కఱలేదు.

నాటినుండి తొట్టిలో మార్చిన నీటిని బ్లీచింగు పొడి కలిపి ఒక దినముంచి, ఏటికి దూరముగా పొడినేలమీద పోయుచున్నాము. ఎండిన పెంకులను కూడ ఏటివైపు పాఱవేయము. చేపలను, రొయ్యలను పెంచు సోదరీమణులందఱును ఈ నియమమును పాటింపవలెనని మా ప్రార్థన. ఇది స్త్రీలకు జీవనమార్గము కూడ కాగల విద్య. లక్షద్వీపములలోని అగత్తిలో అలంకారపు రొయ్యలను పెంపకములో పుట్టించి, ఆ పనిని ద్వీపపు స్త్రీలకు నేర్పిరి. సముద్రమును దోచుకొనక ఇంటనే పుట్టించుకొన్న జీవము మేలైనది.

క్రొత్త నత్తయో, నాచో ఇంటికి వచ్చినప్పుడు, నాలుగు వారములు వేఱు పాత్రలో నుంచి కనిపెట్టుట మంచిది. చేపలకు తినగలిగినంతయే పెట్టవలెను. కలుపు కనబడినచో గీకరాదు. తినువానిని తెచ్చునపుడు, వాని మఱునాటి కూటి మాట ముందుగా తలపవలెను. మా తొట్టిలో మిగిలిన మూడు పువ్వులలో రెండు ఇటీవల మాయమైనవి. ఒకటి నీటిగొట్టము చాటున ఇంకను కలదు. రొయ్యలు దాని చుట్టును కావలి తిరుగుచున్నవి. దానిని సమూలముగా చంపితీరవలెనను పట్టుదల మాకు లేదు. ప్రకృతి చేయు కట్టడి శత్రువును హద్దులో నుంచును గాని, లోకమున లేకుండ చేయదు. సంసారములోని చిక్కులు పెక్కింటికి గూడ అంతకంటె మించిన వైద్యము లేదు.