తాతకి చెప్పిన సినిమా

సంక్రాంతి సెలవుల్లో మా తాతకి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. కంటికి కట్టుతో నాచారంలో మా ఇంట్లో కూర్చుని ఒకటే పట్టు: "పాతాళభైరవి పెట్టురా. నేనింట. నువ్వు చూసుకుంట చెప్పు."

నేను 'ఇంటర్‌స్టెల్లార్' ఐదుసార్లు చూసిన బ్యాచ్. ఇది 1951 నాటి బ్లాక్ అండ్ వైట్, మూడు గంటల పైనే. సరే అని మొదలుపెట్టా.

"గార్డెనర్ కొడుకు తాతా, ప్యాలెస్ వాల్ ఎక్కుతున్నాడు."

"తోటమాలి కొడుకు. కోట గోడ. తెలుగుల చెప్పు!"

అక్కడ దొరికిపోయా. కోడ్‌లో ఎర్రర్ వస్తే గూగుల్ చేస్తాం, ఇక్కడ పాజ్ నొక్కి మాట వెతుక్కోవడమే. ఎస్వీ రంగారావు మాంత్రికుడు "డింభకా" అంటుంటే అది తిట్టనుకున్నా. పిల్లవాడని అర్థమట! వీరుణ్ణి అమ్మవారికి బలిస్తే శక్తి దొరుకుతుందని రాముణ్ణి గుహకి తీసుకెళ్తాడు. స్నానానికి దిగిన కొలనులో మొసలి. రాముడు దాన్ని చంపితే అందులోంచి శాపం తీరిన అమ్మాయి వచ్చి అసలు కుట్ర చెప్పేస్తుంది. ఇక్కడ నేను చెప్పడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయా. తాత నా మోకాలు తట్టాడు.

గ్రాఫిక్స్ లేవు, అన్‌డూ లేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ట్రిక్కులన్నీ ఫిల్మ్ మీదే. మాయామహల్ గాల్లో ఎగిరిపోతుంటే ఎలా తీశారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. పాటలు మాత్రం రెండు స్కిప్ చేశా, నిజం చెప్పాలి. తాత వెంటనే కనిపెట్టాడు.

ఇంటర్వెల్ మనమే ఇచ్చుకున్నాం, చాయ్‌కి. ఈ రాముడు ఎన్టీఆరే తర్వాత మన నాచారంలో రామకృష్ణ స్టూడియోస్ కట్టించాడని, తాను ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తూ ఆ గేటు దగ్గర ఆగేవాణ్ణని తాత చెప్పాడు. ఇన్నేళ్లు ఆ రోడ్డు మీదే బస్సులో తిరిగాను, ఒక్కసారీ అడగలేదు.

చివర్లో అంజి మాంత్రికుడి గడ్డం గీయించే సీన్ చెప్తుంటే నవ్వి, కాసేపాగి అన్నాడు: "రేపు కట్టిప్పినంక కనపడకుంటె, మిగిలినయి గూడ నువ్వే చెప్పాలె."

నేనేమీ అనలేకపోయా.

మర్నాడు కట్టు విప్పారు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆటోలోంచి మెట్రో పిల్లర్ నంబర్ చదవమన్నా. రెప్పలు కొట్టుకుంటూ చదివాడు, ఒక అంకె తప్పు. తర్వాత నా వైపు తిరిగి, "నిన్న రెండు పాటలు దాటేసినవ్ గదా, ఇంటికి పోయినంక అవి పెట్టు" అన్నాడు.