డేగల మేళాకు ప్రయాణము

సికింద్రాబాదు పద్మారావు నగరులో, స్కందగిరి ఆలయమునకు కొంచెము దూరమున, ఒక పాత ఇంటిలో రైల్వే గార్డు ఉద్యోగము చేసి విరమించిన వృద్ధుడొకడు ఉండెను. ఆయనకు ప్రయాణమన్న ప్రాణము. ప్రయాణమునకు ముందు వేయు లెక్కలన్న అంతకంటెను ప్రాణము. కాశికి పోవలెనన్నను, కాజీపేటకు పోవలెనన్నను, ఎఱ్ఱ అట్ట గల ఖాతాపుస్తకము తీసి, బండి ఎప్పుడు బయలుదేరును, ఎచ్చట భోజనము దొరకును, వెంట ఏమేమి ఉండవలెను అని గీతలు గీసి వ్రాసికొనిన గాని ఆయనకు తృప్తి కలుగదు.

2017 జూలైలో ఆ పుస్తకమునకు పెద్ద పని తగిలినది. అబుదాబిలో ఉద్యోగము చేయుచున్న ఆయన కుమారుడు ఒకనాడు ఫోనులో, “నాన్నగారూ, డిసెంబరులో ఇచ్చట డేగవేటగాండ్ర అంతర్జాతీయ మేళా జరుగనున్నది. దేశదేశములవారును వత్తురు. పిల్లవానిని వెంటబెట్టుకొని మీరు రావలెను” అని చెప్పెను. పిల్లవాడనగా ఆయన కొడుకే. తాతయ్య, బామ్మల యొద్ద ఉండి ఎనిమిదవ తరగతి చదువుచుండెను.

ఇట్టి మేళా 2005లోను, 2009లోను ఇంగ్లండులో జరిగినది. 2011లోను, 2014లోను అబుదాబి రాజ్యమునకే చెందిన అల్ ఐన్ అను ఒయాసిస్సు పట్టణమున జరిగినది. డేగలతో వేటాడు విద్యను మానవజాతి వారసత్వములలో ఒకటిగా యునెస్కో 2010లో గుర్తించెను. నాడు ఆ గుర్తింపు కోరిన దేశములు 11. 2021 నాటికి అవి 24 అయినవి. అందు మన దేశము లేదు. అంతమాత్రమున ఈ విద్య మనకు తెలియనిదని తలపరాదు. కల్యాణపురము రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన ‘మానసోల్లాసము’లో డేగవేట ఒక రాజవినోదముగా వర్ణింపబడినది. విజయనగరము నేలిన సాళువ వంశమువారి పేరులోని ‘సాళువ’ శబ్దమునకు డేగ యనియే అర్థము. తాతయ్య ఈ సంగతులన్నియు ఖాతాపుస్తకములో ఒక పుట నిండ వ్రాసెను. రైలు లేని ప్రయాణము గనుక, గీతల నడుమ ఖాళీ చాల మిగిలినది కాబోలు!

మొదటి పని పాస్‌పోర్టులు. మనుమనికి అది లేదు. బేగంపేటలోని సేవాకేంద్రమున వరుసలో కూర్చుండి, తాతయ్య వానికి ఒక వింత చెప్పెను. ఎమిరేట్సు దేశమున 2002 నుండి డేగలకును పాస్‌పోర్టులు కలవు. పక్షి కాలి ఉంగరముమీది సంఖ్య అందు వ్రాయబడి యుండును. వేటకై యజమానితో పొరుగు దేశమునకు పోవునపుడు డేగయు తన పత్రము చూపవలసినదే. అడవిలో దొంగతనముగా పట్టిన పక్షులను సరిహద్దులు దాటింపకుండుటకు ఈ ఏర్పాటు. “అయితే తాతయ్యా, పాస్‌పోర్టు లేని డేగను పట్టుకొందురా?” అని బాలుడు అడిగెను. “పక్షిని కాదు, దానిని తెచ్చినవానిని పట్టుకొందురు” అని తాతయ్య నవ్వెను. బాలుడు నవ్వలేదు.

ఆ దినము మొదలు వాని ప్రశ్నలు పెరిగినవి. డేగ దినమునకు ఎంత మాంసము తినును? దానికి జబ్బు చేసినచో ఎట్లు తెలియును? తాతయ్య తనకు తెలిసినది చెప్పుచు, తెలియనిది కుమారుని అడిగి తెలిసికొనుచుండెను. అబుదాబిలో డేగలకొరకే 1999లో ఆసుపత్రి వెలసినది. అచ్చటి వైద్యులు విరిగిన ఈక మొదలునకు మరియొక ఈకను సన్నని పుల్లతో అతుకుదురు. వేటగాడు ప్రతిదినము పక్షిని తూచును. బరువు ఎక్కువైనచో అది మాట వినదు, తక్కువైనచో నీరసించును. ఎడారివాసులు పూర్వము శరదృతువులో వలసవచ్చు డేగలను పట్టి, కొలది వారములలో మచ్చిక చేసి, శీతకాలమెల్ల వేటాడి, వసంతమున విడిచిపెట్టుచుండిరి. చేతిమీది డేగను ఆకాశమున విడిచిన ప్రతిసారియు అది తిరిగి రాకపోవచ్చును. తెలిసియే విడుతురు. ఈ విద్యలో కష్టమైన భాగ మిదియే.

సెప్టెంబరులో ఒక సాయంకాలము తాతయ్య పడకకుర్చీలో కూర్చుండి, కుమారుడు పంపిన వివరములను పైకి చదువుచుండెను. “డేగను తీగల పంజరములో ఎన్నడును ఉంచరాదు. అది బెదరి కొట్టుకొనునపుడు రెక్కల ఈకలును, తోక ఈకలును విరిగిపోవును…”

బాలుని ముఖము వెలవెలపోయెను. “విరిగిన ఈకలు మరల వచ్చునా?” అని మెల్లగా అడిగెను.

నలువదేండ్లు రాత్రిబండ్ల వెనుక పెట్టెలో మెలకువతో కూర్చున్నవానికి గొంతులోని తడబాటు తెలియదా? ఆయన కళ్ళద్దములు తీసి, లేచి, మనుమని వెంట మేడమీదికి నడచెను.

నీళ్ళతొట్టి వెనుక, గోనెపట్టా కప్పిన తీగల పెట్టెలో ఒక చిన్న డేగ ఉండెను. పక్షిశాస్త్రజ్ఞులు షిక్రా యని పిలుచు జాతి అది. నగరములలోని చెట్లమీద కూడ గూడు కట్టును. మే నెల గాలివానకు వేపచెట్టునుండి పడిన పిల్లను బాలుడు తెచ్చి, చిల్లరడబ్బులతో మాంసపు ముక్కలు కొని, నాలుగు నెలలు పోషించెను. కాలికి నారతాడు కట్టి యుండెను. తోక ఈకలు సగము విరిగి చీపురువలె ఉండెను. బాలుని చూడగానే అది నోరు తెరచి అరచెను.

“చూచితివా తాతయ్యా, నన్ను గుర్తుపట్టినది” అనెను బాలుడు. ఆ మాటలో గర్వమును ఉండెను, ఏడుపును ఉండెను.

తాతయ్య కోపపడలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టి పక్షిని ఇంట ఉంచుట నేరమని మాత్రము చెప్పెను. “చంపకుండ పెంచితిని గదా!” అని బాలుడు వాదించెను. ఆ వాదములో నిజము లేకపోలేదు. ఎవరును తీయకున్నచో ఆ పిల్ల నాడే పిల్లినోట పడి యుండును. కాని తీసిన మరునాడే చేయవలసిన పని నాలుగు నెలలు ఆలస్యమైనది.

మరునాడు అట్టపెట్టెకు రంధ్రములు చేసి, లోపల గుడ్డ పరచి, ఇరువురును ఆటోలో జంతుప్రదర్శనశాలకు పోయిరి. దారిపొడవున బాలుడు పెట్టెను ఒడిలో పెట్టుకొని మాటలాడలేదు. అచ్చటి పశువైద్యుడు పక్షిని పరీక్షించి, పాత ఈకలు రాలి క్రొత్తవి వచ్చువరకు అది సరిగా ఎగురజాలదనియు, అటుపిమ్మట దానికి వేట నేర్పి చూడవలెననియు చెప్పెను. “నేర్చుకొనునా?” అని బాలుడు అడిగెను. “మనిషిని చూచి నోరు తెరచుట మానవలె గదా ముందు!” అని ఆయన బదులు చెప్పెను.

ఆ రాత్రి బాలుడు తాను ప్రయాణమునకు రాననెను. బామ్మ బ్రతిమాలెను. తాతయ్య మాత్రము ఏమియు అనక, ఖాతాపుస్తకము తీసి, ‘అచ్చట అడుగవలసినవి’ అని క్రొత్త శీర్షిక వ్రాసి, పుస్తకమును వానియొద్ద పెట్టి పోయి పడుకొనెను. తెల్లవారి చూచునప్పటికి దానిక్రింద వంకర అక్షరములతో ఒక ప్రశ్న ఉండెను: “1995 నుండి అచ్చట పెంచిన డేగలను మరల అడవిలో విడుచుచున్నారట. మనిషి చేతి తిండికి అలవాటుపడిన పక్షి ఆకలి వేసినపుడు ఏమి చేయును?”

నవంబరులో టిక్కెట్లు వచ్చినవి. శంషాబాదునుండి విమానము నాలుగు గంటల ప్రయాణము. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. తాతయ్య ఇవన్నియు పుస్తకములో ఎక్కించుచుండగా, పుటల నడుమనుండి చారల ఈక యొకటి జారిపడెను.

“వైద్యులకు చూపుటకు తీసికొని పోవుదుము, తాతయ్యా” అనెను బాలుడు.

“దీనికి కాగితములు లేవురా” అని ఆయన ఈకను దాని పుటలోనే పెట్టి, ‘వెంట తీసికొనవలసినవి’ అను పట్టికలో ఉన్ని శాలువలు రెండు అని వ్రాసెను. ఎడారిలో రాత్రులు చలిగా ఉండును.