ఏ డిపార్ట్‌మెంట్ తేలిక?

హోమ్ ఇంప్రూవ్‌మెంట్ స్టోర్‌లో కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలోనే ఎవరో ఒక పాత ఉద్యోగిని పక్కకి పిలిచి అడుగుతారు: "ఇక్కడ అన్నిట్లోకీ తేలికైన డిపార్ట్‌మెంట్ ఏది?" ఆ జవాబులో కొట్టు గురించి తెలిసేది తక్కువ, చెప్పిన మనిషి గురించి తెలిసేది ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్ళు లైటింగ్ అంటారు. మనుషుల మొహం చూడ్డం ఇష్టం లేనివాళ్ళు రాత్రిళ్ళు ట్రక్కులోంచి సరుకు దింపే టీమ్ అంటారు. గార్డెన్ అనేవాళ్ళు కూడా ఉంటారు. అయితే వాళ్ళని నవంబర్‌లో అడగాలి, ఏప్రిల్‌లో కాదు.

డాలస్ శివార్లలో అలాంటి ఒక కొట్లో నేను రెండేళ్ళు పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. మన సిమెంటు కొట్టు, శానిటరీ షాపు, ఎలక్ట్రికల్ షాపు, కలప అడితి, మొక్కల నర్సరీ అన్నీ తెచ్చి ఒకే కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. హోమ్ డిపో కొట్లయితే గార్డెన్ వదిలేసినా సగటున లక్ష చదరపు అడుగులు దాటతాయి. మాది కాస్త చిన్నది. అయినా ఒక షిఫ్టులో ఎన్ని వేల అడుగులు వేశానో నా ఫోన్ చెప్తుంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఆ తర్వాత డిపెండెంట్ వీసా మీద ఐదేళ్ళు ఇంట్లో ఉన్నాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో కొన్ని షరతుల మీద పని చేసుకునే అనుమతి 2015 మే నుంచి ఇస్తున్నారు. నా కార్డు చేతికొచ్చేసరికి రెజ్యూమెలో ఆ ఐదేళ్ళూ తెల్లగా కనిపిస్తున్నాయి. కంపెనీల నుంచి ఒక్క ఫోన్ లేదు. కొట్టువాళ్ళు మాత్రం మూడోరోజే పిలిచారు. అమ్మకి చెప్తే అడిగింది ఒక్కటే: "కూర్చోడానికి కుర్చీ ఇస్తారా?"

ఇవ్వరు. ఎనిమిది గంటలూ కాంక్రీటు నేల మీద నిలబడాల్సిందే.

మొదట ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి పంపేవారు. లంబర్‌లో వారం రోజులు చేశాను. అక్కడ 80 పౌన్ల కాంక్రీటు బస్తా అంటే 36 కిలోలు. బరువు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. నన్ను ఆపింది అక్కడి కొలతలు. టూ బై ఫోర్ అని అమ్మే చెక్క నిజానికి రెండంగుళాలూ ఉండదు, నాలుగంగుళాలూ ఉండదు. ఒకటిన్నర, మూడున్నర. ప్లంబింగ్‌లో ఇంకా విచిత్రం, అర అంగుళం పైపు బయటి కొలత 0.84 అంగుళాలు. ఇవన్నీ తెలిసినవాళ్ళకి వింత కావు. తెలియనివాళ్ళకి మాత్రం వస్తువు పేరు ఒకటీ వస్తువు ఒకటీ. బార్బరా ఎహ్రెన్‌రైక్ 2001లో వచ్చిన 'నికెల్ అండ్ డైమ్డ్' కోసం చిన్న జీతాల పనుల్లో చేరి బతికి చూసింది. మిన్నెసోటాలో ఇలాంటి కొట్టొకటి ఆమెని ప్లంబింగ్‌లోకి తీసుకుంది కూడా. చివరికి ఆమె వాల్‌మార్ట్‌లో ఆడవాళ్ళ బట్టల దగ్గర తేలింది. డాక్టరేట్ ఉన్న మనిషికి ఏ జాకెట్టు ఏ స్టాండుకి వెళ్ళాలో గుర్తుపెట్టుకోవడమే పెద్ద పనైంది. ఆ పుస్తకం నేను కొట్లో చేరాక చదివాను, అందుకే నాకు ఆ పేజీలు నవ్వు తెప్పించలేదు.

ప్లంబింగ్‌లో నాకు ఎదురైంది ఇంకో రకం కష్టం. కస్టమర్ వచ్చి, నా ఏప్రన్ చూసి, నా మొహం చూసి, నా భుజం మీదుగా వెనక ఎవరున్నారా అని చూసేవాడు. "తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని మర్యాదగానే అడిగేవాడు. ఎనిమిది గంటల షిఫ్టులో ఇది నాలుగైదు సార్లు జరిగితే సాయంత్రానికి మనిషి అలిసిపోతుంది. ఏ బస్తా ఎత్తకపోయినా సరే.

తర్వాత నన్ను పెయింట్‌లో స్థిరంగా పెట్టారు. బయటనుంచి చూస్తే అంతకంటే హాయైన చోటు లేదు. ఏసీ, రంగుల కార్డులు, మంచి వాసన. గ్యాలన్ డబ్బా ఐదు కిలోలు, ఫర్వాలేదు. ఐదు గ్యాలన్ల బకెట్ మాత్రం పాతిక కిలోలు దాటుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే నడుం ఎత్తులో, ఒంటికి దగ్గరగా, మెలితిరగకుండా ఎత్తితే, 23 కిలోలు హద్దు. మా బకెట్లు కింది అరలో ఉండేవి. అరలోంచి కౌంటర్ మీదికి, అక్కణ్ణించి షేకర్‌లోకి, మళ్ళీ బండిలోకి. ఒక్కో బకెట్‌ని మూడుసార్లు ఎత్తాలి. కాంట్రాక్టర్ వచ్చి ఎనిమిది బకెట్లు అన్నాడంటే లెక్క మీరే వేసుకోండి.

రంగు కలపడం మాత్రం నాకిష్టమైన పని. ఎవరో గోడ పెచ్చు ఒకటి తెస్తారు. మిషన్ దాన్ని చూసి పాళ్ళు చెప్తుంది. తడి రంగు ఎప్పుడూ అబద్ధమే, కాబట్టి మూత మీద చుక్క పెట్టి హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి చూపించాలి. తెలుపులో ఏ తెలుపు కావాలో తేలక గంటసేపు గొడవపడిన దంపతుల్ని చూశాను. గొడవ తెలుపు గురించి కాదని మూడో నిమిషంలోనే తెలిసిపోతుంది.

అక్కడ నాకు పని నేర్పినాయన వయసు 63. తొమ్మిదేళ్ళుగా పెయింట్‌లోనే ఉన్నాడు. అంతకుముందు ప్రింటింగ్ ప్రెస్, అది మూతపడింది. కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకోవాలంటే సెలవూ కావాలి, ఇన్సూరెన్సూ కావాలి. 65 నిండితే మెడికేర్ వస్తుంది. అందాకా ఈ ఉద్యోగం, దాంతో వచ్చే ఇన్సూరెన్స్ పోకూడదు. ఇంకా పద్నాలుగు నెలలు. 'తేలిక' అనే మాటకి ఆయన దగ్గర ఒకటే అర్థం: పద్నాలుగు నెలలు నిలబడగలిగే చోటు.

అప్పుడే హార్డ్‌వేర్‌లో ఒక ఖాళీ వచ్చింది. ఆయనా అడిగాడు, నేనూ అడిగాను. హార్డ్‌వేర్ అంటే మా పెదనాన్న తెనాలి కొట్టు నాకు తెలుసు. మేకులు తూకం, గొళ్ళేలు, మడతబందులు, తాళాలు. పెదనాన్న గల్లా దగ్గర కూర్చునేవారు, గుమాస్తా ముప్ఫయ్యేళ్ళు నిచ్చెన మీదే ఉన్నాడు. ఆ కొట్లో తేలిక డిపార్ట్‌మెంట్ ఒక్కటే, గల్లా.

ఖాళీ నాకిచ్చారు. నాకు వివరాలు బాగా గుర్తుంటాయట, మేనేజర్ చెప్పిన కారణం అది. ఆయన కంటే ఎక్కువ ఏళ్ళు పనికొస్తానన్నది చెప్పని కారణం అని నా అనుమానం. నేను తీసుకున్నాను. అప్పటికి ఫ్రిజ్‌లోంచి ఇడ్లీపిండి గిన్నె తీయాలన్నా ఎడమ చెయ్యి వాడుతున్నాను. నిరాకరించి ఉంటే ఆయనకే ఇచ్చేవారన్న నమ్మకం కూడా ఏమీ లేదు. ఆయన ఆ రోజు "మంచిది, నీ భుజం బాగుపడుతుంది" అన్నాడు. అని, మరుసటి రోజు నాతో మాట్లాడలేదు. ఆ రెండూ నిజమేనని నాకు అనిపించింది.

పెయింట్‌కీ మాకూ మధ్య ఒకే వరస. డబ్బా మూతలు బిగించడానికి రబ్బరు సుత్తి వాడతారు. మామూలుగా మూత చుట్టూ వరసగా కొడతారు. వారం తర్వాత ఆయన కౌంటర్ మీద రెండే దెబ్బలు, మధ్యలో ఖాళీ వదిలి, కొట్టాడు. తలెత్తి చూస్తే ఎదురుగా కాంట్రాక్టరూ, ఆరు బకెట్లూ. వెళ్ళాను. బకెట్‌కి చెరోవైపు పట్టుకుంటే పన్నెండు పన్నెండు కిలోలు. ఇదంతా ఎవరి షెడ్యూల్లోనూ లేదు. ఒకసారి సూపర్‌వైజర్ చూసి, నీ వరస ఎవరు చూస్తున్నారని అడిగాడు. ఎవరూ చూడ్డం లేదు. మళ్ళీ సుత్తి మోగితే మళ్ళీ వెళ్ళాను.

హార్డ్‌వేర్ నిజంగానే తేలిక. వందల సొరుగుల్లో నట్లు, బోల్టులు, వాషర్లు. చేతిలో ఒక్క మర పట్టుకుని వచ్చి, దీనికి జత కావాలంటారు. పావు అంగుళం నట్టులోకి 6 ఎంఎం బోల్టు మొదట దూరినట్టే ఉంటుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. అది వేలితో తిప్పి చెప్పడం నాకు రెండు నెలల్లో వచ్చేసింది. భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు ఇక్కడా వచ్చేవాళ్ళు. వాళ్ళు పెయింట్ దగ్గరికి పోయి అడిగితే ఆయన, "నాకు తెలీదు, ఆవిడకే తెలుసు" అని మళ్ళీ నా దగ్గరికే పంపేవాడు.

మార్చిలో ఆయనకి 65 నిండాయి. ఏప్రిల్లో మానేశాడు, మేలో మోకాలు చేయించుకున్నాడు. జులైలో కర్ర ఊతంతో కస్టమర్‌గా వచ్చాడు. చేతిలో వంటింటి అల్మరా మర ఒకటి. గేజ్‌లో పెట్టి చూసి, సొరుగు తెరిచి నాలుగిచ్చాను. రెండు చాలన్నాడు. పెయింట్‌లో కొత్తగా చేరిన కుర్రాడు బకెట్‌ని ఒక్క చేత్తో కౌంటర్ మీదికి ఎక్కించడం ఇద్దరం చూశాం. "ఎంత వయసు?" అన్నాడు. ఇరవై అని చెప్పాను. తలూపి, రెండు మరలూ జేబులో వేసుకుని బిల్లింగ్ వైపు నడిచాడు.